తీగలు పాతవే, కొనేవాళ్లు కొత్త: కాలిఫోర్నియా నగరాల ఉమ్మడి కరెంటు

ఫ్రీమాంట్‌లోనో, శాన్ రామోన్‌లోనో, ఇర్విన్‌లోనో కొత్తగా ఇల్లు మారిన తెలుగు కుటుంబానికి కొన్నాళ్లకు పోస్టులో ఒక కార్డు వస్తుంది. మీ కరెంటును ఇకపై ఫలానా కమ్యూనిటీ ఎనర్జీ సంస్థ కొని ఇస్తుందని, అక్కర్లేదనుకుంటే ఫలానా విధంగా తప్పుకోవచ్చని అందులో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని సోలార్ ప్యానెళ్లు అమ్మేవాళ్ల ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేస్తారు. ఇదేదో మోసమని కంగారుపడి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేవాళ్లూ ఉంటారు. ఆ కార్డు వెనక ఉన్నది ఆ ఊరి సిటీ కౌన్సిల్ ఓటేసి తీసుకున్న నిర్ణయం. ఎప్పుడో ఒక సాయంత్రం సమావేశంలో పాసైన తీర్మానం ఇప్పుడు తలుపు దాకా వచ్చింది.

ఆ ఓటు వేసే ముందు కౌన్సిల్ ఏం చూడాలి, జనం ఏం అడగాలి? సమావేశాల్లో చర్చంతా సాధారణంగా రెండు మాటల చుట్టూ తిరుగుతుంది: పర్యావరణానికి మంచిదా, బిల్లు తగ్గుతుందా. రెండూ అడగాల్సినవే. కానీ వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఊరి మొత్తానికి కావాల్సిన కరెంటును రేపటి నుంచి ఎవరు బేరమాడి కొంటారు, ఆ బేరం బెడిసికొడితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? చేరిన ఊళ్లలో కొన్ని ఎందుకు బాగుపడ్డాయో, కొన్ని ఎందుకు వెనక్కి వచ్చేశాయో ఈ ప్రశ్న దగ్గరే తెలుస్తుంది.

ఏం మారుతుంది, ఏం మారదు

ఈ పద్ధతిని కమ్యూనిటీ చాయిస్ అగ్రిగేషన్ అంటారు, పొట్టిగా సీసీఏ. కాలిఫోర్నియాలో చాలా ప్రాంతాలకు పీజీ అండ్ ఈ, సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్, శాన్ డియేగో గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే మూడు ప్రైవేటు కంపెనీలు కరెంటు ఇస్తాయి. అవి చేసే పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి కరెంటు కొనడం లేదా తయారు చేయడం. రెండోది దాన్ని తీగల మీద ఇంటిదాకా తేవడం. సీసీఏలో చేరిన ఊళ్లో మొదటి పని మాత్రమే చేతులు మారుతుంది. స్తంభాలు, తీగలు, మీటర్లు, బిల్లు పంపడం, గాలివానకు లైను తెగితే వచ్చి బాగుచేయడం, ఇవన్నీ పాత కంపెనీవే. రాత్రి కరెంటు పోతే ఫోన్ చేయాల్సిందీ పాత కంపెనీకే. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇచ్చే కేర్ రాయితీ, ఇంట్లో వైద్య పరికరాలు వాడేవాళ్లకు ఇచ్చే మెడికల్ బేస్‌లైన్ కూడా అలాగే కొనసాగుతాయి.

కొనే పని చేసేది సాధారణంగా కొన్ని నగరాలు, కౌంటీలు కలిసి పెట్టుకున్న ప్రభుత్వ సంస్థ. దాన్ని జాయింట్ పవర్స్ అథారిటీ అంటారు. చేరిన ప్రతి ఊరి నుంచీ కౌన్సిల్ పంపిన ప్రతినిధి ఒకరు బోర్డులో కూర్చుంటారు. వాటాదారులు లేరు కాబట్టి లాభం పంచాల్సిన పని లేదు. మిగిలిన డబ్బు నిల్వ నిధిలోకో, రేట్ల తగ్గింపుకో, స్థానిక పథకాలకో పోతుంది. శాన్ హోజే, శాన్ ఫ్రాన్సిస్కో మాత్రం ఎవరితోనూ కలవకుండా సొంతంగా నడుపుకుంటున్నాయి. శాంటా క్లారాలో ఉండే మనవాళ్లకు ఈ గొడవే లేదు. ఆ నగరానికి 1896 నుంచే సొంత విద్యుత్ సంస్థ ఉంది. తీగలూ దానివే, కరెంటూ దానిదే.

మన సిరిసిల్ల గుర్తొచ్చే చోటు ఇది. 1970లో మొదలైన అక్కడి సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని అందరూ సెస్ అనే పిలుస్తారు. సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గం దాన్ని నడుపుతుంది. అయితే అక్కడి ఏర్పాటు కాలిఫోర్నియాకు సరిగ్గా తలకిందులు. స్తంభాలు, తీగలు, బిల్లుల వసూలు సెస్ చూసుకుంటుంది, కరెంటు మాత్రం డిస్కం దగ్గర టోకున కొంటుంది. సీసీఏ ఊళ్లలో కొనుగోలు జనం చేతిలో, తీగలు కంపెనీ చేతిలో. జనం చేతిలో ఏ భాగం ఉంటే ఆ భాగం ఖర్చునే జనం తగ్గించుకోగలరు. ఈ మాట బిల్లు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చింది

1996లో కాలిఫోర్నియా తన కరెంటు మార్కెట్‌ను పోటీకి తెరిచింది. 2000 వేసవి నుంచి టోకు ధరలు అదుపు తప్పాయి. ఎన్రాన్ లాంటి వ్యాపార సంస్థలు మార్కెట్‌తో ఆడుకున్నాయని తర్వాత విచారణల్లో బయటపడింది. ఇళ్లకు కోతలు పడ్డాయి, 2001 ఏప్రిల్‌లో పీజీ అండ్ ఈ దివాలా పిటిషన్ వేసింది. వినియోగదారుడు తనకు నచ్చిన సరఫరాదారు దగ్గర కొనుక్కునే వెసులుబాటును ఆ ఏడాదే ఆపేశారు. ఒక్కో ఇల్లు విడివిడిగా మార్కెట్లోకి వెళ్లడం ప్రమాదమని తేలింది. అలాగని పాత కంపెనీనే పూర్తిగా నమ్ముకునే ధైర్యమూ జనానికి లేదు. ఆ రెంటికీ మధ్యదారిగా 2002లో ఏబీ 117 చట్టం వచ్చింది: ఊరు మొత్తం ఒక గుంపుగా కొనుక్కోవచ్చు. ఇదేమీ కాలిఫోర్నియా కనిపెట్టింది కాదు, మసాచుసెట్స్ 1997లోనే ఇలాంటి చట్టం చేసింది.

చట్టం వచ్చాక కూడా ఎనిమిదేళ్ల దాకా ఎవరూ సరఫరా మొదలుపెట్టలేదు. 2010 మే నెలలో మరీన్ కౌంటీలో మరీన్ క్లీన్ ఎనర్జీ, అంటే ఇప్పటి ఎంసీఈ, మొదటి ఇళ్లకు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా మరుసటి నెలలో ప్రొపొజిషన్ 16 అనే ప్రతిపాదన రాష్ట్ర ఓటర్ల ముందు బ్యాలెట్ మీదకొచ్చింది. నగరాలు ఇలాంటి పనికి పూనుకోవాలంటే ముందు ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం ఉండాలన్నది దాని సారం. దాన్ని గెలిపించడానికి పీజీ అండ్ ఈ దాదాపు 4.6 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. ఎదురుపక్షం దగ్గర దానితో పోలిస్తే చిల్లర డబ్బులే. అయినా జనం దాన్ని ఓడించారు. 2011లో ఎస్‌బీ 790 అనే చట్టం తెచ్చి, సీసీఏలకు వ్యతిరేకంగా కంపెనీలు చేసే ప్రచారానికి హద్దులు గీశారు. అక్కడి నుంచి వేగం పెరిగింది: 2014లో సొనోమా, 2016లో శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ మటేయో కౌంటీ, 2017లో సన్నీవేల్, కుపర్టినో, మౌంటెన్ వ్యూ ఉన్న సిలికాన్ వ్యాలీ క్లీన్ ఎనర్జీ, 2018లో ఫ్రీమాంట్, డబ్లిన్ ఉన్న ఈస్ట్ బే కమ్యూనిటీ ఎనర్జీ. ఈ చివరిదే 2023లో ఆవా అని పేరు మార్చుకుంది. శాన్ రామోన్ 2018లో ఎంసీఈలో చేరింది, ప్లెజెంటన్‌కు ఈస్ట్ బే సరఫరా 2021లో మొదలైంది. ఇవాళ రాష్ట్రంలో పాతిక దాకా సీసీఏలు 200కు పైగా నగరాలు, కౌంటీలకు కరెంటు కొంటున్నాయి.

ఎంసీఈ మొదట్లో కరెంటు కొన్నది షెల్ కంపెనీ వ్యాపార విభాగం దగ్గర. పర్యావరణం పేరు చెప్పి చమురు కంపెనీ దగ్గర కొంటారా అని విమర్శకులు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొత్తగా పుట్టిన, అప్పు పుట్టని సంస్థకు అప్పట్లో అంత పెద్ద మొత్తంలో అమ్మడానికి ముందుకొచ్చేవాళ్లు తక్కువ. తర్వాత కొన్నేళ్లకు అదే ఎంసీఈ రిచ్‌మండ్‌లో షెవ్రాన్‌కు చెందిన పనికిరాని పారిశ్రామిక స్థలాన్ని లీజుకు తీసుకుని 10.5 మెగావాట్ల సోలార్ కేంద్రం కట్టించగలిగింది.

చేరితే ఏం కొంటారు?

కరెంటు గ్రిడ్‌లో కలిసిపోతుంది. చెరువులోకి నాలుగు కాలువలు పారుతుంటే తూము దగ్గర పట్టిన నీళ్లు ఏ కాలువవో ఎవరూ చెప్పలేరు. మన ఇంటికొచ్చే కరెంటు సోలార్‌దా, గ్యాస్‌దా అన్నదీ అలాగే తీగను చూసి చెప్పలేం. సీసీఏ చేసేదల్లా ఆ చెరువులోకి ఏ కాలువ ఎంత పారాలో డబ్బుతో నిర్ణయించడం. గాలి, సోలార్ కేంద్రాలతో ఏళ్ల తరబడి ఒప్పందాలు రాసుకుంటుంది, ఆ ఒప్పందం చూపించి కట్టేవాళ్లు బ్యాంకులో అప్పు తెచ్చుకుని కేంద్రం కడతారు.

అందుకే "100 శాతం గ్రీన్" అని రాసి ఉన్న కాగితం చూడగానే సంతోషపడకుండా ఆ శాతం ఎలా వచ్చిందో అడగాలి. కొత్తగా కట్టించిన కేంద్రం నుంచి దీర్ఘకాల ఒప్పందం మీద కొన్నదా? లేక ఎక్కడో ఎప్పుడో తయారైన కరెంటు తాలూకు సర్టిఫికెట్ మాత్రమే కొని, అసలు కరెంటు మార్కెట్లో దొరికింది తెచ్చిందా? మొదట్లో కొన్ని సంస్థలు ఈ రెండో దారినీ వాడుకున్నాయి. ఇప్పుడు రాష్ట్రం నిబంధనలు బిగించింది: తప్పనిసరిగా కొనాల్సిన పునరుత్పాదక కరెంటులో 65 శాతం పదేళ్లు, అంతకు మించిన ఒప్పందాల నుంచే రావాలి. పైగా ప్రతి సంస్థా ఏటా పవర్ కంటెంట్ లేబుల్ అనే పట్టిక ఇవ్వాలి. ఒక్క పేజీ. ఏ ఇంధనం ఎంత శాతమో అందులో ఉంటుంది. ప్రచార కరపత్రం పది పేజీలు చదివేకన్నా ఆ పేజీ చదవడం మేలు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2018లో వచ్చిన ఎస్‌బీ 100 ప్రకారం 2030 నాటికి పాత కంపెనీలైనా, సీసీఏలైనా 60 శాతం పునరుత్పాదక కరెంటు ఇవ్వాల్సిందే. 2045 నాటికి మొత్తం కార్బన్ లేనిదే కావాలి. కాబట్టి చేరకపోతే ఊరు బొగ్గుతో నడుస్తుందన్న ప్రచారం నిజం కాదు. చేరితే వచ్చేది వేగం, ఎక్కడి నుంచి కొనాలో చెప్పే హక్కు.

బిల్లులో కనిపించే నాలుగు వరుసలు

పీజీ అండ్ ఈ బిల్లు చేతిలో ఉంటే తీసి చూడండి. సీసీఏ ఊళ్లో ఉంటే బిల్లులో రెండు వేర్వేరు పేజీలుంటాయి. ఒకదాని మీద ఎలక్ట్రిక్ డెలివరీ చార్జీలు, ఇంకోదాని మీద సీసీఏ పేరుతో జనరేషన్ చార్జీలు. రెండోది చూసి చాలామంది ఒకే కరెంటుకు రెండుసార్లు కట్టించుకుంటున్నారని అనుకుంటారు. అలా కాదు. డెలివరీ పేజీలోనే కిందికి వెళితే జనరేషన్ క్రెడిట్ అని ఒక వరుస మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. అది కంపెనీ తాను కొనివ్వని కరెంటు డబ్బు తీసేసిన వరుస. దాని కిందే పవర్ చార్జ్ ఇండిఫరెన్స్ అడ్జస్ట్‌మెంట్ అనే పొడుగాటి పేరు, అందరూ పీసీఐఏ అనేది. ఆ పక్కన ఫ్రాంచైజ్ ఫీ సర్‌చార్జ్ అని చిన్న మొత్తం. ఆ తర్వాత రెండో పేజీలో సీసీఏ వేసిన జనరేషన్ చార్జీ.

ఊరు సీసీఏలో చేరి లాభపడిందా లేదా అన్నది ఈ వరుసల్లోనే తేలుతుంది. సీసీఏ రేటును కంపెనీ రేటుతో నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది. సీసీఏ చార్జీకి పీసీఐఏనూ, ఫ్రాంచైజ్ సర్‌చార్జినీ కలిపి, ఆ మొత్తాన్ని కంపెనీ జనరేషన్ ధరతో పోల్చాలి.

లెక్క కోసం అంకెలు అనుకుందాం, చిన్నదైన ఫ్రాంచైజ్ సర్‌చార్జిని పక్కన పెడదాం. కంపెనీ జనరేషన్ ధర యూనిట్‌కు 15 సెంట్లు. సీసీఏ 11 సెంట్లకు ఇస్తోంది. కరపత్రంలో నాలుగు సెంట్లు ఆదా అన్నట్టు కనిపిస్తుంది. పీసీఐఏ 3 సెంట్లు ఉంటే మిగిలేది ఒక్క సెంటే. పీసీఐఏ 5 సెంట్లకు పెరిగితే, అదే 11 సెంట్ల సీసీఏ కరెంటు 16 సెంట్లు పడి, కంపెనీకన్నా ఖరీదైపోతుంది.

ఇంతకీ ఎందుకీ పీసీఐఏ? ఆంధ్రప్రదేశ్ పీపీఏల, అంటే విద్యుత్ కొనుగోలు ఒప్పందాల, గొడవ గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. గాలి కరెంటును యూనిట్ 4 రూపాయల 80 పైసలకు పైగా ధరకు పాతికేళ్ల పాటు కొంటామని డిస్కంలు ఒప్పందాలు రాసుకున్నాయి. తర్వాత మార్కెట్లో సోలార్, గాలి కరెంటు ధరలు బాగా పడిపోయాయి. 2019లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాలను తిరగదోడబోయింది, వ్యవహారం హైకోర్టుకెళ్లింది, 2022లో ఒప్పందాలను గౌరవించాల్సిందేనని కోర్టు చెప్పింది. పాత ధర ఒప్పందాన్ని ఎవరో ఒకరు మోయాల్సిందే కదా. కాలిఫోర్నియా కంపెనీలదీ అదే సమస్య. సోలార్ ఖరీదుగా ఉన్న రోజుల్లో, ఊరందరి కోసమని, దీర్ఘకాల ఒప్పందాలు చేసుకున్నాయి. ఇప్పుడు సగం ఊళ్లు మేం వేరే చోట కొనుక్కుంటామని వెళ్లిపోతే ఆ భారమంతా మిగిలినవాళ్ల మీద పడుతుంది. వెళ్లినవాళ్లు తమ వంతు కట్టి వెళ్లాలన్నదే పీసీఐఏ. భారతదేశంలో 2003 విద్యుత్ చట్టం కింద ఓపెన్ యాక్సెస్‌లో బయట కరెంటు కొనుక్కునే ఫ్యాక్టరీల దగ్గర డిస్కంలు వసూలు చేసే అదనపు సర్‌చార్జికి దీనికి ఉద్దేశం ఒకటే.

సూత్రం న్యాయమైనదే. ఎంత అన్నదే పోరు. పాత ఒప్పందాల ఖర్చులోంచి ఆ కరెంటుకు ఇవాళ మార్కెట్లో పలికే విలువ తీసేస్తే మిగిలేది పీసీఐఏ. ఆ విలువను ఎలా కట్టాలన్న పద్ధతి రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ చేతిలో ఉంది. 2018 అక్టోబరులో కమిషన్ ఆ పద్ధతిని మార్చినప్పుడు కంపెనీలు హర్షించాయి, సీసీఏలు మండిపడ్డాయి. ఊరు ఎంత బాగా బేరమాడినా, సాక్రమెంటోలోనో శాన్ ఫ్రాన్సిస్కోలోనో ఒక లెక్క మారితే ఆదా ఆవిరైపోవచ్చు. నగర సిబ్బంది తయారుచేసే స్టాఫ్ రిపోర్టులో పదేళ్ల ఆదా అంచనా చూసినప్పుడల్లా కౌన్సిల్ సభ్యులు పీసీఐఏను ఎంతనుకుని ఆ అంచనా వేశారో అడిగి తీరాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మార్కెట్ ధర పెరిగితే పాత ఒప్పందాలు చవకగా కనిపిస్తాయి, పీసీఐఏ తగ్గుతుంది, ఒక్కోసారి సున్నా కిందకు పోయి తిరిగి క్రెడిట్‌గానూ వస్తుంది. మార్కెట్ ధర పడిపోతే పీసీఐఏ పెరుగుతుంది. కరెంటు చవకైతే సీసీఏకు మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ధరలు మండుతున్నప్పుడు ఒప్పందాలు చేసుకున్న కొత్త సీసీఏకు చవక రోజులే గడ్డురోజులు: ఒకపక్క తన ఖరీదైన ఒప్పందాలు, ఇంకోపక్క పెరిగిన పీసీఐఏ. ఈ ఊపును తట్టుకోవడానికే నిల్వ నిధి కావాలి. చేరడమా మానడమా అన్నదానికన్నా ఎప్పుడు చేరుతున్నారు, నిధి ఎంత ఉంది అన్నవి ముఖ్యమని నేననేది ఇందుకే.

మిగతా బిల్లు సంగతి కూడా చూడాలి. కొన్ని సీసీఏలు జనరేషన్ ధరలో 5 శాతం తగ్గింపు ఇస్తామంటాయి. నెల బిల్లు 200 డాలర్లై, అందులో జనరేషన్ వాటా 80 డాలర్లు ఉందనుకుంటే, ఆ 5 శాతం నాలుగు డాలర్లు. మిగతా 120 డాలర్లు తీగలవి, కార్చిచ్చుల నివారణవి, ఇతర చార్జీలవి. పీజీ అండ్ ఈ ప్రాంతంలో గృహ కరెంటు సగటున యూనిట్‌కు 40 సెంట్ల దాకా చేరడానికి పెద్ద కారణం అక్కడే ఉంది, దాన్ని సీసీఏ ముట్టుకోలేదు. తీగలు జనం చేతిలో లేవు కాబట్టి ఆ ఖర్చు తగ్గించే దారీ జనం చేతిలో లేదు. సీసీఏలో చేరితే బిల్లులు సగమవుతాయని వేదిక మీద ఎవరైనా అంటే నమ్మకండి.

వెనక్కి వచ్చిన ఊళ్లు

రివర్‌సైడ్ కౌంటీలో పెర్రిస్, హెమెట్, ఈస్ట్‌వేల్, జురుపా వ్యాలీ, నోర్కో, వైల్డొమార్ అనే ఆరు ఊళ్లు కలిసి వెస్టర్న్ కమ్యూనిటీ ఎనర్జీ పెట్టుకున్నాయి. 2020లో సరఫరా మొదలైంది, ఏడాది తిరిగేసరికి 2021 మేలో దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందు వేసవి ఎండలు గుర్తుండే ఉంటాయి. 2020 ఆగస్టులో రాష్ట్రంలో 2001 తర్వాత మొదటిసారి విడతలవారీ కోతలు పెట్టారు. మార్కెట్ ధర చుక్కలంటింది. ముందే ఒప్పందాలతో పూర్తిగా కట్టుకోని సంస్థ ఆ ధరకే కొనాల్సి వచ్చింది. అదే సమయంలో కోవిడ్ వల్ల ఎన్నో ఇళ్లు బిల్లులు కట్టలేదు. పట్టుమని ఏడాది నిండని సంస్థ దగ్గర నిల్వ నిధి ఎక్కడిది? లక్షకు పైగా కనెక్షన్లు తిరిగి ఎడిసన్ చేతికి వెళ్లిపోయాయి. ఒక్క ఇంటికీ కరెంటు ఆగలేదు, ఎందుకంటే సీసీఏ పడిపోతే పాత కంపెనీ తిరిగి తీసుకోవాలన్నది నిబంధన. ఆరు నగరాల ఖజానాలకూ సంస్థ అప్పులు చుట్టుకోలేదు, జాయింట్ పవర్స్ అథారిటీగా విడిగా పెట్టుకోవడంలో ఉన్న లాభం అదే.

ఆరెంజ్ కౌంటీ కథ వేరు. అక్కడ ఆరెంజ్ కౌంటీ పవర్ అథారిటీ 2022లో సరఫరా మొదలుపెట్టింది. మొదటి ఖర్చులకు అప్పిచ్చి నిలబెట్టింది ఇర్విన్ నగరం. పక్కన హంటింగ్టన్ బీచ్ కౌన్సిల్ తన ఊరి జనాన్ని 100 శాతం పునరుత్పాదక ప్లాన్‌లో డిఫాల్ట్‌గా, అంటే ఎవరూ ఏదీ ఎంచుకోకపోతే దానంతట అదే అందులో పడేలా, చేర్చింది. అది ఎడిసన్ రేటుకన్నా ఎక్కువ. చాలామందికి ఆ సంగతి బిల్లు చూశాకే తెలిసింది. అదే సమయంలో సంస్థ నడిచే తీరు మీద, కాంట్రాక్టులు ఇచ్చిన పద్ధతి మీద ఆడిట్లు తప్పులు పట్టాయి. 2022 డిసెంబరులో ఆరెంజ్ కౌంటీ ప్రభుత్వమే తప్పుకోవాలని నిర్ణయించింది, 2023 మేలో హంటింగ్టన్ బీచ్ కౌన్సిల్ అదే పని చేసింది, ఆ ఏడాదే బోర్డు సీఈఓను మార్చింది. ఇర్విన్ మాత్రం కొనసాగింది.

రెండు కథల్లో దెబ్బ తీసినవి వేరు. రివర్‌సైడ్‌లో కొనుగోలు, నిల్వ నిధి. ఆరెంజ్‌లో పాలన, డిఫాల్ట్. రెండు చోట్లా చెడింది గ్రీన్ కరెంటు వల్ల కాదు. 2019 జనవరిలో కార్చిచ్చుల పరిహారాల కింద పీజీ అండ్ ఈ మరోసారి దివాలా కోర్టుకెళ్లినప్పుడు దాని పక్కనే ఉన్న ఎంసీఈ లాంటి సీసీఏలు మామూలుగా నడిచాయి. అంటే పాత కంపెనీతోనే ఉండిపోవడం కూడా రిస్కు లేని పని కాదు. షికాగో తీరు ఇంకోటి. 2012లో ఓటర్ల ఆమోదంతో ఉమ్మడి కొనుగోలులోకి వెళ్లింది, ఆదా కరిగిపోగానే 2015లో జనాన్ని తిరిగి పాత కంపెనీకి అప్పగించేసింది. అక్కడ ఒప్పందాలు పొట్టివి, గుమ్మం దాటడం తేలిక. కాలిఫోర్నియాలో పదేళ్ల, పదిహేనేళ్ల ఒప్పందాలు కాబట్టి బయటకు వచ్చేటప్పుడు ఊరి కోసం ముందే కొన్న కరెంటు లెక్క కూడా తేల్చుకోవాలి.

డిఫాల్ట్ ఎవరి కోసం

జనం దరఖాస్తు పెట్టుకుని చేరడం ఇక్కడ ఉండదు. ఊరు చేరితే ప్రతి ఇల్లూ దానంతట అదే చేరుతుంది, వద్దనుకున్నవాళ్లు తప్పుకోవాలి. సరఫరా మొదలవడానికి ముందు రెండుసార్లు, తర్వాత రెండుసార్లు నోటీసు పంపాలని చట్టం. ఇంత పెద్ద గుంపు ఒక్కసారిగా రాకపోతే సీసీఏకు బేరమాడే బలమే రాదు, కాబట్టి ఈ పద్ధతిని నేను సమర్థిస్తాను. కానీ దానివల్ల కౌన్సిల్ మీద బాధ్యత రెట్టింపవుతుంది. ఊళ్లో అత్యధికులు ఏ ప్లాన్‌లో పడితే అందులోనే ఉండిపోతారు. నోటీసు ఇంగ్లిష్ సరిగా రాని అమ్మమ్మ చేతికి అందొచ్చు, రోజుకు రెండు ఉద్యోగాలు చేసే అద్దె ఇంటివాళ్ల చేతికి అందొచ్చు.

అందుకే డిఫాల్ట్ ప్లాన్ పాత కంపెనీ ధరను మించకూడదన్నది నా అభిప్రాయం. ఎక్కువ కట్టి 100 శాతం తీసుకునే స్తోమత, కోరిక ఉన్నవాళ్లు ఫోన్ చేసి మార్చుకుంటారు. సిటీ హాల్, గ్రంథాలయం, వీధి దీపాలను నగరం తన బడ్జెట్‌తో 100 శాతానికి మార్చుకోవచ్చు. పర్యావరణ వాదులు దీనికి ఒప్పుకోరు, డిఫాల్ట్ పైకి పెడితేనే ఉద్గారాలు ఒక్కసారిగా తగ్గుతాయంటారు. వాళ్ల లెక్క నిజమే. కానీ బిల్లు షాక్‌తో ఊరే తప్పుకుంటే ఆ తగ్గుదలా ఉండదని హంటింగ్టన్ బీచ్ చూపించింది. డిఫాల్ట్ పైకి పెట్టే ఊరు కనీసం కేర్ రాయితీ కుటుంబాలను అదనపు ధర నుంచి తప్పించాలి.

పైకప్పు మీద సోలార్ ఉన్న ఇళ్లు, బే ఏరియా తెలుగు ఇళ్లలో ఇవి తక్కువేం కాదు, ఒక సంగతి ప్రత్యేకంగా అడగాలి. కంపెనీ పద్ధతిలో ఏడాదికోసారి ట్రూ-అప్, అంటే ఇచ్చిన కరెంటు, వాడిన కరెంటు లెక్క తేల్చడం, జరుగుతుంది. సీసీఏలోకి మారినప్పుడు జనరేషన్ భాగానికి ఆ లెక్క విడిగా నడుస్తుంది, ముగింపు తేదీ మారొచ్చు. వేసవిలో కూడబెట్టిన క్రెడిట్లు చలికాలంలో వాడుకోవాలనుకున్నవాళ్లకు ఊరు ఏ నెలలో మారుతుందన్నది డబ్బు విషయం. మిగులు కరెంటుకు సీసీఏ ఎంత ఇస్తుందన్నది ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది, కొన్ని కంపెనీకన్నా ఎక్కువే ఇస్తాయి.

సమావేశంలో అడగాల్సినవి

చేరడానికి కౌన్సిల్ ఆర్డినెన్స్, అంటే నగర స్థాయి చట్టం, పాస్ చేయాలి. మామూలుగా అది రెండు సమావేశాల్లో రెండుసార్లు చదివాకే ఆమోదం పొందుతుంది. రెండు చోట్లా జనం మాట్లాడవచ్చు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలిస్తారు. అజెండా కనీసం 72 గంటల ముందే సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, స్టాఫ్ రిపోర్టూ సాధారణంగా దానితోనే ఉంటుంది. రెండు నిమిషాల్లో భూతాపం గురించి చెప్పడం కన్నా పనికొచ్చే ప్రశ్నలున్నాయి. వచ్చే మూడేళ్ల అవసరంలో ఎంత శాతం ఇప్పటికే ఒప్పందాలతో ఖాయమైంది, ఎంత మార్కెట్‌కు వదిలేశారు? నిల్వ నిధి ఎన్ని రోజుల ఖర్చుకు సరిపోతుంది? క్రెడిట్ రేటింగ్ ఉందా? మన ఊరు తప్పుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి, ఎంత కట్టాలి? బోర్డులో మన ఓటు విలువ ఎంత? చాలా సంస్థల్లో ఒక్కో ఊరికి ఒక్కో సీటు ఉన్నా, వివాదం వచ్చినప్పుడు కరెంటు వాడకాన్ని బట్టి ఓట్లు తూచే పద్ధతి ఉంటుంది. పక్కనున్న పెద్ద నగరం మాటే నెగ్గే వీలుంది.

ఇలా చూస్తే పదేళ్లుగా నడుస్తూ, నిధి కూడబెట్టుకుని, రేటింగ్ తెచ్చుకున్న సీసీఏలో చేరడం చాలా ఊళ్లకు మంచి బేరమే. నలుగురు కొత్తవాళ్లు కలిసి సున్నా నుంచి మొదలుపెట్టే సంస్థ అయితే మొదటి రెండు మూడేళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద చూడకుండా ఓటు వేయకూడదు.

ఓటు వేసిన మర్నాడే ఏమీ మారదు. అమలు ప్రణాళికను కమిషన్‌కు పంపాలి. వేడి రోజుల కోసం చట్టం ప్రకారం ముందే కొని పెట్టాల్సిన సామర్థ్యాన్ని సమకూర్చుకోవాలి. 2022లో చేరాలని నిర్ణయించిన స్టాక్టన్‌కు సరఫరా 2025లో మొదలైంది, ఆ సామర్థ్యం మార్కెట్లో మరీ ఖరీదై ఉండటమే ఆలస్యానికి కారణం. ఆ తర్వాత మొదలయ్యేవే ఇంటికొచ్చే నోటీసులు. సరఫరా మొదలైన 60 రోజుల్లోపు తప్పుకుంటే రుసుము ఉండదు. ఆ తర్వాతా తప్పుకోవచ్చు గానీ కొన్ని సంస్థలు చిన్న రుసుము తీసుకుంటాయి, పీజీ అండ్ ఈకి తిరిగి వెళ్లినవాళ్లు సాధారణంగా ఏడాది దాకా మళ్లీ సీసీఏకు మారలేరు. కార్డు మీద సంస్థ వెబ్‌సైట్, ఫోన్ నంబరు ఉంటాయి. తప్పుకోవడానికి అడిగేది బిల్లు మీది అకౌంట్ నంబరు, పేరు, చిరునామా. బ్యాంకు వివరాలో, సోషల్ సెక్యూరిటీ నంబరో అడిగారంటే, తలుపు తట్టి ఇప్పుడే సంతకం పెట్టమన్నారంటే, వాళ్లు సీసీఏ మనుషులు కారు.